లాస్ కాశీబుగ్గలో, తిప్పలు వర్జీనియాలో

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇల్లు పలాస పక్కనే కాశీబుగ్గలో, కింద నాన్నగారి జీడిపప్పు గొడౌను, పైన నువ్వు ల్యాప్‌టాప్ పెట్టుకుని అమెరికా కంపెనీకి పని చేస్తున్నావు, సర్వరు వర్జీనియాలో ఉంది. సాయంత్రం ఏడు దాటితే రిమోట్ డెస్క్‌టాప్ గడ్డకట్టినట్టు ఆగిపోతోంది, కాల్స్‌లో మాట ముక్కలు ముక్కలుగా పోతోంది. యూట్యూబ్ మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది, స్పీడ్ టెస్ట్‌లో ప్లాన్‌లో రాసినంతా చూపిస్తోంది. నెట్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే "మా సైడ్ అంతా ఓకే సార్, ఫారిన్ కేబుల్ ప్రాబ్లమ్" అంటున్నారు. నువ్వు విన్ఎంటీఆర్ (సర్వరు దాకా దారిలో ఉన్న ఒక్కో రూటర్‌ని కొలిచే ప్రోగ్రామ్) నడిపితే ఏడో హాప్ (దారిలో ఏడో రూటర్) దగ్గర 71 శాతం లాస్ (దారిలో పోయిన ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు) కనిపించింది, ఐదో హాప్ పేరు చూస్తే చెన్నై అని తెలుస్తోంది కానీ అక్కడికే రానూపోనూ 240 మిల్లీసెకన్లు చూపిస్తోంది. తప్పు ఏడోదానిదా, ఐదోదానిదా, లేక నిజంగానే సముద్రంలో కేబుల్‌దా అని అడిగావు.

ఈ మూడూ కాదనే నా అనుమానం. నువ్వు పెట్టిన పట్టికలోనే జవాబు ఉంది, కాకపోతే నువ్వు చూసిన చోట లేదు.

పట్టికని మళ్ళీ చూద్దాం. మొదటి హాప్ నీ ఇంటి రూటర్: లాస్ సున్నా, సగటు 2 మిల్లీసెకన్లు, వరస్ట్ 9. రెండోది 100.64 తో మొదలయ్యే అడ్రసు, అంటే నీ ప్రొవైడర్ లోపలి పెట్టె: లాస్ 4 శాతం, సగటు 38, వరస్ట్ 410. మూడు, నాలుగు, ఐదు, ఆరు అన్నిట్లోనూ 3 నుంచి 5 మధ్య. ఏడోది 71. ఎనిమిదోది మళ్ళీ 4. అక్కడినుంచి వర్జీనియాలో నీ సర్వరు దాకా 4 చుట్టూనే, చివరి లైన్‌లో 4 శాతం, 268 మిల్లీసెకన్లు.

ఏడో హాప్ దగ్గర నిజంగా 100కి 71 ప్యాకెట్లు పడిపోతుంటే ఎనిమిదో హాప్‌కి 29 కంటే ఎక్కువ చేరే మార్గమే లేదు కదా. కానీ ఎనిమిదికి 96 చేరుతున్నాయి, సర్వరుకీ 96 చేరుతున్నాయి. అంటే ఏడో రూటర్ నీ ప్యాకెట్లని పారేయడం లేదు, నీకు జవాబు రాయడానికి బద్ధకిస్తోంది, అంతే. ట్రేస్‌రూట్ (విన్ఎంటీఆర్ వాడే పద్ధతి ఇదే) పనిచేసే తీరే అలాంటిది: ప్రతి ప్యాకెట్‌కి టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది, ఒక్కో రూటర్ దాటేసరికి ఒకటి తగ్గుతుంది, సున్నా అయిన చోట ఆ రూటర్ ప్యాకెట్‌ని పారేసి "టైమ్ అయిపోయింది" అని ఒక ఐసీఎంపీ (నెట్‌వర్క్ కబుర్లు, తప్పులు తెలిపే పద్ధతి) చీటీ వెనక్కి పంపుతుంది. ట్రాఫిక్‌ని ముందుకి తోసే పని రూటర్‌లో చిప్పులు చేస్తాయి, ఈ చీటీలు రాసే పని మాత్రం లోపలున్న చిన్న ప్రాసెసర్‌ది, దానికి అంతకంటే ముఖ్యమైన పనులు ఉంటాయి కాబట్టి సెకనుకి ఇన్ని చీటీలకంటే రాయొద్దని ఇంజనీర్లే పరిమితి పెడతారు. కిక్కిరిసిన బస్సులో కండక్టర్‌ని కిటికీలోంచి ఎవరో "ఇది ఎటు పోతాది" అని అడిగితే ఒక్కోసారి పలకడు, అంతమాత్రాన బస్సు ఆగిపోయినట్టు కాదు.

కాబట్టి పట్టికని కింది నుంచి పైకి చదవాలి. చివరి లైన్‌లో ఎంత లాస్ ఉందో అదే లెక్క. అక్కడ సున్నా ఉంటే మధ్యలో ఎవరికి ఎంత ఉన్నా పట్టించుకోకు. అక్కడ లాస్ ఉంటే, అది పైన ఏ హాప్ దగ్గర మొదలై తెగకుండా చివరిదాకా వచ్చిందో చూడు. నీ పట్టికలో అది రెండో హాప్. అంటే నీ ఇంటికీ, నీ ప్రొవైడర్ మొదటి పెట్టెకీ మధ్య. సముద్రం ఇంకా చాలా దూరం ఉంది.

ఐదో హాప్ సంగతి. పేరులో ఎంఏఏ అనే మూడక్షరాలు చూసి చెన్నై అనుకున్నావు, కరెక్టే, రూటర్ల పేర్లలో విమానాశ్రయాల కోడ్లు పెట్టడం అలవాటు, బీఓఎం అంటే ముంబై, ఎస్ఐఎన్ అంటే సింగపూర్, ఐఏడీ అంటే వాషింగ్టన్ పక్కనున్న డల్లెస్, వర్జీనియా ట్రాఫిక్ చాలావరకు ఆ చుట్టుపక్కలే దిగుతుంది. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి రానూపోనూ ఒక మిల్లీసెకను. పలాస నుంచి చెన్నైకి సుమారు వెయ్యి కిలోమీటర్లు, పది మిల్లీసెకన్లు. తిరుగుడు దారులు కలుపుకున్నా ఇరవై, ముప్పై. మరి 240 ఎందుకు? పెద్ద నెట్‌వర్కులు లోపల ఎంపీఎల్ఎస్ అనే సొరంగాలు వాడతాయి. సొరంగం మధ్యలో ఉన్న రూటర్‌కి నీ ఇంటికి తిరిగి దారి తెలియకపోవచ్చు, అందుకని అది తన చీటీని ముందు సొరంగం అవతలి కొస దాకా పంపి, అక్కడినుంచి వెనక్కి తిప్పిస్తుంది. అవతలి కొస అమెరికాలో ఉంటే చెన్నై రూటర్ కూడా అమెరికా దూరం చూపిస్తుంది. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది హాప్‌లన్నీ ఇంచుమించు ఒకే 240 దగ్గర ఉన్నాయి చూడు, సొరంగం అంటే అదే గుర్తు. ఇది తెలియక చాలామంది "చెన్నైలో లేట్ అవుతోంది" అని కంప్లైంట్ పెడతారు, అవతలివాడు ఆ ఒక్క ముక్క చదివి టికెట్ మూసేస్తాడు.

ఇప్పుడు అసలు మెలిక. లాస్ ఇంటి పక్కనే ఉంటే యూట్యూబ్ ఎందుకు ఆడుతోంది, అమెరికా మాత్రమే ఎందుకు చస్తోంది? ప్రొవైడర్ అబ్బాయి "ఫారిన్ కేబుల్" అనడానికి కారణం కూడా ఇదే, వాడు అబద్ధం చెప్పడం లేదు, వాడికి కనిపించేది అంతే.

టీసీపీ (డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) అనేది ప్యాకెట్ పోతే "దారి రద్దీగా ఉంది" అనుకుని వేగం తగ్గించుకుంటుంది, తర్వాత జవాబులు వచ్చేకొద్దీ మెల్లగా పెంచుకుంటుంది. జవాబు రావడానికి ఎంతసేపు పడితే పెంచుకోవడం అంత నెమ్మది. దీనికి 1997లో మాథిస్ అనే ఆయనా, ఇంకొందరూ కలిసి ఒక సూత్రం ఇచ్చారు: ఒక కనెక్షన్ వేగం ప్యాకెట్ సైజుని రౌండ్ ట్రిప్ సమయంతో భాగించి, మళ్ళీ లాస్ వర్గమూలంతో భాగిస్తే వచ్చేదానికి కాస్త అటూ ఇటూ. నీ అంకెలు వేసి చూడు. 1460 బైట్ల ప్యాకెట్లు, 268 మిల్లీసెకన్లు, 4 శాతం లాస్: ఒక కనెక్షన్‌కి దక్కేది సుమారు 270 కిలోబిట్లు. అదే 4 శాతం లాస్‌తో హైదరాబాద్‌లో 25 మిల్లీసెకన్ల దూరంలో ఉన్న సర్వరుకైతే దాదాపు 2.9 మెగాబిట్లు, పది రెట్లకి పైనే. ప్రొవైడర్ లోపలే ఉన్న క్యాష్ సర్వరుకి (వీడియోల్లాంటివాటి నకళ్ళు పెట్టుకునేది) ఐదారు మిల్లీసెకన్లే కాబట్టి ఇంకా ఎక్కువ. ఈ సూత్రం పాత తరహా టీసీపీకి, ఇప్పటి టీసీపీ రకాల్లో క్యూబిక్ కొంచెం మెరుగ్గా, గూగుల్ 2016లో తెచ్చిన బీబీఆర్ ఇంకా మొండిగా లాగుతాయి, కానీ దిశ మారదు: ఒకే లాస్, దగ్గరివాటికి చిన్న గాటు, దూరపువాటికి మెడ మీద కత్తి.

యూట్యూబ్ వీడియోలు చాలావరకు ప్రొవైడర్ నెట్‌వర్క్‌లోనో, పక్కనే ఉన్న నగరంలోనో పెట్టిన పెట్టెల్లోంచి వస్తాయి. స్పీడ్ టెస్ట్ విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న సర్వరుని ఎంచుకుని, ఒకేసారి బోలెడు కనెక్షన్లు తెరిచి లాగుతుంది, 4 శాతం లాస్‌ని అది మింగేస్తుంది. ఇంకొకటి, అందరూ చేసే పని, 8.8.8.8 అనే గూగుల్ అడ్రసుకి పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష) కొట్టి "30 ఎంఎస్ వస్తోంది, ఇంటర్నేషనల్ బాగానే ఉంది" అనడం. ఆ అడ్రసు ప్రపంచంలో చాలా చోట్ల ఉంది, నీకు జవాబిచ్చేది మన దేశంలోనే ఉన్న పెట్టె. 30 మిల్లీసెకన్లలో అమెరికా పోయి రావడం వెలుగు వల్ల కూడా కాదు. దానితో సముద్రం గురించి ఏమీ తేలదు.

అందుకని టెస్ట్ చేసేటప్పుడు మూడు లక్ష్యాలు పెట్టుకో: నీ ప్రొవైడర్ రెండో హాప్, సింగపూర్‌లో ఏదైనా క్లౌడ్ సర్వరు, వర్జీనియాలో నీ సర్వరు. మూడింటికీ ఒకే సమయంలో నడపాలి. మూడింట్లోనూ అదే 4 శాతం ఉంటే ఇల్లు లేదా ప్రొవైడర్. మొదటిది శుభ్రంగా ఉండి మిగతావి పోతే అప్పుడు పై దారి. వీలైతే ఐసీఎంపీ కాకుండా టీసీపీ 443 పోర్టు (సురక్షిత వెబ్‌సైట్లు వాడే తలుపు నంబరు) మీద కొలువు, నీ అసలు ట్రాఫిక్‌కి దగ్గరగా ఉండేది అదే. విన్ఎంటీఆర్‌లో ఆ సౌకర్యం లేదు, విండోస్‌లో పీఎస్‌పింగ్ అనే ప్రోగ్రామ్ వాడు, లైనక్స్ ఉంటే ఎంటీఆర్‌కి (విన్ఎంటీఆర్ లాంటిదే) హైఫన్ పెద్ద టీ, హైఫన్ పెద్ద పీ, 443 అని ఇస్తే చాలు. ఎంతసేపు? నువ్వు 100 ప్యాకెట్లతో ఆపేశావు. 100లో ఒక్కటీ పోకపోతే నిజమైన లాస్ 3 శాతం లోపు ఉండొచ్చు అని మాత్రమే చెప్పగలం, సున్నా అని కాదు. మూడుని నువ్వు పంపిన ప్యాకెట్ల సంఖ్యతో భాగించు, అదీ పైహద్దు. అరశాతం లాస్ పట్టుకోవాలంటే కనీసం వెయ్యి, రెండు వేలు పంపాలి. కాల్ పాడవడానికి ఒకటి రెండు శాతం చాలు.

సరే, నీ రెండో హాప్ దగ్గరికి వద్దాం. అక్కడ లాస్ ఒక్కటే కాదు, సగటు 38, వరస్ట్ 410 అని ఉంది, మొదటి హాప్‌లో వరస్ట్ 9 మాత్రమే. అంటే వైఫై తప్పు కాకపోవచ్చు (అయినా టెస్ట్ చేసేటప్పుడు కేబుల్ గుచ్చి చేయి, వైఫై మీద చేసిన టెస్ట్‌ని నాక్‌లో, అంటే ప్రొవైడర్ నెట్‌వర్క్‌ని కనిపెట్టుకునే గదిలో, ఎవరూ లెక్కచేయరు, నేను అక్కడ నైట్ డ్యూటీలు చేసినప్పుడు నేనూ చేసేవాణ్ణి కాదు). లాస్‌తో పాటు ఆలస్యం కూడా పెరుగుతోందంటే ఎక్కడో క్యూ నిండి పొంగుతోంది. ఆలస్యం పెరగకుండా లాస్ మాత్రమే ఉంటే తీగలో దోషమో, ప్రొవైడర్ పెట్టిన రేటు కోతో అయ్యుండేది.

క్యూ ఎవరిది? మొదట నీ ఇంట్లోదే చూడాలి. గొడౌన్‌లో సీసీ కెమెరాలు ఉన్నాయన్నావు, అవి రికార్డింగ్‌ని క్లౌడ్‌కి పంపుతున్నాయా? సాయంత్రం ఏడింటికి ఇంట్లోవాళ్ళ ఫోన్లన్నీ వైఫైకి తగులుకుంటాయి, ఆ రోజు తీసిన ఫోటోలు, పెళ్ళి వీడియోలు అన్నీ బ్యాకప్‌కి బయలుదేరతాయి. డౌన్‌లోడ్ ఖాళీగా ఉన్నా అప్‌లోడ్ నిండిపోతే చాలు. నీ అప్‌లోడ్ 20 మెగాబిట్లు అనుకుందాం, ఓఎన్‌టీలో (ఇంట్లో ఫైబర్ వచ్చి తగిలే పెట్టె) ఒక మెగాబైట్ బఫర్ (ప్యాకెట్లు వరసలో ఆగే చోటు) ఉందనుకుందాం: 8 మెగాబిట్లని 20తో భాగిస్తే 0.4 సెకను, అంటే బఫర్ నిండితే ప్రతి ప్యాకెట్ 400 మిల్లీసెకన్లు వరసలో నిలబడాలి. నీ వరస్ట్ 410. ఇది కాకతాళీయమే కావచ్చు, కానీ నాకైతే ముందు దీన్నే తేల్చుకోవాలనిపిస్తుంది. ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరు. రాత్రి ఎనిమిదింటికి, సమస్య ఉన్నప్పుడే, రూటర్‌కి ఉన్న వైర్లన్నీ పీకేసి, వైఫై ఆపేసి, నీ ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే కేబుల్‌తో ఉంచి మళ్ళీ నడుపు. 410 కాస్తా 10కి దిగిపోయి లాస్ పోతే, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు క్యూ పొంగకుండా చూసే కేక్ లేదా ఎఫ్‌క్యూ కోడెల్ ఉన్న రూటర్ (ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ వేసినది ఏదైనా సరే) పెట్టి అప్‌లోడ్‌ని నిజమైన వేగంలో 85, 90 శాతానికి కట్టేయి. వేగం కొంచెం తగ్గుతుంది, కాల్స్ మాత్రం నిలబడతాయి. లేదా కెమెరాలని రాత్రి పన్నెండు తర్వాత పంపమని పెట్టు, ఖర్చు లేని వైద్యం.

అన్నీ పీకినా అలాగే ఉంటే ఫైబర్ చూడాలి. ఓఎన్‌టీ పేజీలోకి వెళ్తే ఆప్టికల్ పవర్ అని డీబీఎంలో (వెలుగు బలానికి కొలత) ఒక అంకె ఉంటుంది. ఎక్కువ ఇళ్ళలో ఉండే బీ ప్లస్ తరగతి జీపాన్ (ఒక ఫైబర్‌ని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి) పరికరాలకి కింది హద్దు మైనస్ 27. మైనస్ 18, మైనస్ 22 లాంటివి హాయిగా ఉన్నట్టు, మైనస్ 26 అంటే గట్టు మీద నడుస్తున్నట్టు. ప్రతి 3 డీబీకి వెలుగు సగమవుతుంది. ఒక ఫైబర్ వెలుగుని ఎనిమిది ఫైబర్లకి పంచే స్ప్లిటర్ ఒక్కటే పది డీబీ తినేస్తుంది. మన వైపు చాలా చోట్ల ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా గాలిలో వేలాడుతూ వస్తుంది, 2018లో తిత్లీ తుపాను పలాస చుట్టుపక్కల ఉద్దానమంతా నేలమట్టం చేసినప్పుడు చూశాం కదా, స్తంభాలు పడితే దాంతోపాటు అన్నీ పడతాయి. తుపాను అక్కర్లేదు, జాయింట్ పెట్టె మూత సరిగ్గా పెట్టకపోతే చాలు. ఇక్కడ విజయనగరంలో మా వీధి చివర అలాంటి పెట్టె ఒకటి ఉండేది, వాన పడిన ప్రతిసారీ వీధిలో నాలుగైదు ఇళ్ళకి నెట్ నత్తనడక, ఎండ కాస్తే మామూలు. ఒకరోజు లైన్‌మ్యాన్ నిచ్చెన వేసి మూత తీస్తే లోపల ట్రేలో నీళ్ళు, చీమల పుట్ట, ఒక ఫైబర్ చిటికెనవేలంత వంపు తిరిగి మూత కింద నలుగుతోంది. నీళ్ళు వంచేసి, వంపు సరిచేసి, మళ్ళీ స్ప్లైస్ చేసి అతికాక మా ఓఎన్‌టీ అంకె మైనస్ 27 నుంచి మైనస్ 21కి వచ్చింది.

దీనిలో ఒక చిక్కు ఉంది. నీ ఓఎన్‌టీ చూపించేది వచ్చే వెలుగు మాత్రమే, 1490 నానోమీటర్ల మీద. నువ్వు పంపేది 1310 మీద పోతుంది, అది ఎంత బలంగా చేరుతోందో ఫైబర్ అవతలి కొసన ప్రొవైడర్ దగ్గరుండే పెట్టె, ఓఎల్‌టీలోనే తెలుస్తుంది. "ఓఎల్‌టీలో నా ఓఎన్‌టీ నుంచి వచ్చే పవర్ ఎంత, ఎఫ్ఈసీ ఎర్రర్లు పెరుగుతున్నాయా" అని అడుగు (ఎఫ్ఈసీ అంటే చెడిన బిట్లని సరిదిద్దే ఏర్పాటు). ఫోన్ ఎత్తే అమ్మాయికి తెలియకపోవచ్చు, ఇంటికొచ్చే అబ్బాయికి తెలుస్తుంది. ఫైబర్ దోషమైతే లాస్ రోజంతా ఉంటుంది, వానకో ఎండకో మారుతుంది, సాయంత్రం ఏడింటికి టంచనుగా మొదలవదు. ఇంకో పరీక్ష, పెద్ద ప్యాకెట్లకి లాస్ ఎక్కువ, చిన్నవాటికి తక్కువ ఉంటుంది, ఎందుకంటే బిట్లు చెడిపోయే అవకాశం ప్యాకెట్‌లో ఎన్ని బిట్లు ఉన్నాయో దాన్నిబట్టి పెరుగుతుంది. 1500 బైట్లది 64 బైట్లదానికంటే ఇరవై రెట్ల పైన పోతుంది. క్యూ పొంగడమైతే సైజు తేడా అంత ఉండదు.

నీది ఏడు నుంచి పదకొండు అన్నావు, ఉదయం ఆరింటికి పాలు తాగినంత హాయిగా ఉందన్నావు. ఇంట్లో పీకి చూసినా తగ్గకపోతే ఇక మిగిలింది ప్రొవైడర్ గొట్టం ఇరుకు. జీపాన్‌లో కిందికి వచ్చే 2.5 గిగాబిట్లూ, పైకి పోయే 1.25 గిగాబిట్లూ ఒక పోర్టు మీద ఉన్న ఇళ్ళన్నిటివీ. ఆ ఓఎల్‌టీ నుంచి పైకి పోయే లింకు ఒక గిగాబిట్ ఉంటే, దాని మీద ఐదారు పోర్టుల ఇళ్ళు పడితే, ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రి అది నిండకుండా ఎలా ఉంటుంది. దీన్ని బయటపెట్టడం చాలా తేలిక: రెండో హాప్‌కి రోజంతా నిమిషానికి కొన్ని పింగులు పంపి గ్రాఫ్ గీయి, నాలుగైదు రోజులు. సాయంత్రం గుట్టలా లేచి అర్ధరాత్రికి కూలిపోయే ఆకారం కనిపిస్తే అందులో వాదించడానికేం ఉండదు. అదే సమయంలో ఫోన్ హాట్‌స్పాట్ మీద వర్జీనియా ఎలా ఉందో చూడు. అది శుభ్రంగా ఉంటే "ఫారిన్ కేబుల్" కథ అక్కడితో సరి.

ఇంతకీ నిజంగా సముద్రం తప్పైతే ఎలా ఉంటుందో కూడా చెప్తాను, ఎప్పుడో ఒకసారి తగులుతుంది. మనకి బారువ బీచ్‌లో నిలబడితే సముద్రం ఎదురుగానే ఉంటుంది కానీ మన ట్రాఫిక్ సముద్రంలోకి దిగేది చెన్నైలోనో ముంబైలోనో. చెన్నై నుంచి సింగపూర్‌కి సుమారు 3,200 కిలోమీటర్లు, ముప్పై ముప్పై అయిదు మిల్లీసెకన్లు, అక్కడినుంచి పసిఫిక్ దాటి అమెరికా. ముంబై నుంచైతే ఎర్ర సముద్రం, ఈజిప్టు, మధ్యధరా, యూరప్, అట్లాంటిక్. 2008 జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సీ-మీ-వీ 4, ఫ్లాగ్ కేబుళ్ళు రెండూ తెగి మన దేశంలో నెట్ కుంటుపడింది. 2024 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో ఏఏఈ-1 తో సహా కొన్ని తెగాయి. 2025 సెప్టెంబరు 6న జెడ్డా దగ్గర సీ-మీ-వీ 4, ఐఎంఈడబ్ల్యూఈ తెగితే మైక్రోసాఫ్ట్ తన అజూర్ క్లౌడ్‌లో ఆలస్యం పెరిగిందని ప్రకటించింది. కేబుళ్ళు ఎక్కువసార్లు తెగడానికి కారణం చేపల వలలు, ఓడల లంగర్లే. ఓడ వచ్చి అతకడానికి రోజులు, ఒక్కోసారి వారాలు.

అయితే తెగిన కేబుల్ నీకు లాస్ ఇవ్వదు. తెగిన క్షణాన దారులు మారేవరకు కొన్ని సెకన్లు, మహా అయితే నిమిషాలు పోతాయి, తర్వాత ట్రాఫిక్ అంతా మిగిలిన కేబుళ్ళ మీద పడుతుంది. అవి నిండితే అప్పుడు లాస్. కాబట్టి గుర్తులు ఇలా ఉంటాయి: 220 ఉన్న ఆలస్యం ఒక్కసారిగా మెట్టు ఎక్కినట్టు 300కి పోతుంది, అక్కడే ఉంటుంది, పింగ్ జవాబులో టీటీఎల్ అంకె 51 ఉండేది 47కో మరోదానికో మారుతుంది, అంటే దారి మారింది, యూరప్ వైపు అన్నీ చెడి సింగపూర్ బాగుంటుంది లేదా తలకిందులుగా, వేరే ప్రొవైడర్ల మీద ఉన్న స్నేహితులకీ అదే రోజు అదే గోల. నీ దాంట్లో ఇవేవీ లేవు.

ఇంకో ఉచ్చు తిరుగు దారి. ట్రేస్‌రూట్ పోయే దారినే చూపిస్తుంది, వచ్చే దారి పూర్తిగా వేరే కావచ్చు, పోయేటప్పుడు సింగపూర్ మీదుగా, వచ్చేటప్పుడు లండన్ మీదుగా. ఎందుకంటే ఎవరి నెట్‌వర్క్ వాళ్ళ చౌక దారి చూసుకుంటుంది. అందుకే అవతలి వైపు నుంచి కూడా ఎంటీఆర్ కావాలి. నీది క్యారియర్ న్యాట్, అంటే చాలా ఇళ్ళు ఒకే బయటి అడ్రసు పంచుకునే ఏర్పాటు, వెనక ఉంది (రెండో హాప్ 100.64 అదే చెబుతోంది), కాబట్టి నీ కంపెనీ అడ్మిన్ నీ ఇంటిదాకా రాలేడు, నీ బయటి ఐపీ దాకా నడిపితే చాలు. ఏ వైపు పోతున్నాయో తేల్చడానికి ఐపెర్ఫ్3 (రెండు కొసల మధ్య వేగం, లాస్ కొలిచే ప్రోగ్రామ్) బెస్టు: యూడీపీలో (పోయిన ప్యాకెట్లని మళ్ళీ పంపని పద్ధతి) 2 మెగాబిట్లతో ఒకసారి మామూలుగా, ఒకసారి హైఫన్ పెద్ద ఆర్ పెట్టి తిప్పి. అందుకునే వైపు వరస నంబర్లు చూసి ఎన్ని పోయాయో చెబుతుంది, రెండు గడియారాలు కలవక్కర్లేదు.

అన్నిటికంటే ముదురు కేసు ఇంకోటుంది, పింగ్ శుభ్రంగా ఉండి పని మాత్రం చెడేది. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లు ఆఫీసు సింగపూర్‌కి ఫైళ్ళు పంపేది. అదే ఫైలు ఒకసారి నిమిషంలో పోతుంది, ఇంకోసారి అరగంటైనా పోదు. పింగ్ లాస్ సున్నా, ఎంటీఆర్ సున్నా. ప్రొవైడర్ "అంతా ఓకే". పెద్ద నెట్‌వర్కుల్లో రెండు రూటర్ల మధ్య ఒక్క తీగ ఉండదు, నాలుగో ఎనిమిదో సమాంతరంగా ఉంటాయి, ఏ కనెక్షన్ ఏ తీగ మీద పోవాలో అడ్రసులూ పోర్టు నంబర్లూ కలిపి లెక్కగట్టి నిర్ణయిస్తారు. ఒక తీగ చెడితే ఆ తీగ మీద పడ్డ కనెక్షన్లు చస్తాయి, మిగతావి హాయిగా పోతాయి. పింగ్‌కి పోర్టులు లేవు కాబట్టి అది ఎప్పుడూ ఒకే తీగ మీద, బాగున్నదాని మీద పోతోంది. ఐపెర్ఫ్3లో సీపోర్ట్ ఆప్షన్‌తో పంపే పోర్టు నంబరు మారుస్తూ ఒక్కొక్కటిగా నడిపితే, కొన్ని నంబర్లకి రీట్రాన్స్‌మిట్‌లు (పోయి మళ్ళీ పంపినవి) గుట్టలు, మిగతావాటికి సున్నా, మళ్ళీ నడిపినా అవే నంబర్లకి. ఆ చెడ్డ నంబర్ల జాబితా, మంచి నంబర్ల జాబితా పక్కపక్కన పెట్టి పంపాక, అంతదాకా "ఓకే" అన్నవాళ్ళే మర్నాడు ఒక లింకు ఆప్టిక్ (ఫైబర్ కొసన వెలుగు పంపే ముక్క) మార్చామని మెయిల్ పెట్టారు. నీకు కొన్ని రిమోట్ సెషన్లు బాగుండి, తెంపి మళ్ళీ కలిపితే పాడవడమో బాగవడమో జరుగుతుంటే దీన్ని గుర్తుపెట్టుకో.

వీపీఎన్ వాడుతున్నావు కాబట్టి ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) కూడా ఒకసారి చూసెయ్. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) లైన్ మీద గరిష్ఠం 1492. విండోస్‌లో పింగ్‌కి హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్ 1464 ఇచ్చి చూడు (మిగతా 28 బైట్లు హెడర్లకి, అంటే ప్యాకెట్ మీది చిరునామా రాతకి), అది పోయి 1465 పోకపోతే లైన్ మామూలే, వీపీఎన్ సొరంగం మీద మాత్రం ఇంకా తగ్గించాలి. చిన్నవి అన్నీ పోయి పెద్దవి ఒక్కటీ పోకపోతే అది లాస్ కాదు, ఎంటీయూ. లాగిన్ అవుతుంది, స్క్రీన్ మాత్రం రాదు, అలా ఉంటుంది దాని వాలకం.

ఇక ప్రొవైడర్‌కి రాయడం. "నెట్ స్లో, కాల్స్ కట్ అవుతున్నాయి" అని రాస్తే రూటర్ రీస్టార్ట్ చేయమంటారు, రెండు రోజుల తర్వాత "రిజాల్వ్డ్" అని మెసేజ్ వస్తుంది. నీ బయటి ఐపీ, సర్వరు ఐపీ, తేదీ, టైము భారత సమయంలోనూ యూటీసీలోనూ (ఐదున్నర గంటలు తీసెయ్), కేబుల్ మీద తీసిన టెస్ట్ అని, ఇంట్లో మిగతావన్నీ పీకి తీసినదని, వెయ్యి ప్యాకెట్ల ఎంటీఆర్ సమస్య ఉన్నప్పటిదొకటి, ఉదయం ఆరింటిదొకటి. ఏడో హాప్ 71 శాతం గురించి ఒక్క ముక్క రాయకు, అది కనబడితే వాళ్ళు దాన్నే పట్టుకుని "ఐసీఎంపీ రేట్ లిమిట్ సార్" అని నీకు పాఠం చెప్పి పంపేస్తారు. "రెండో హాప్ నుంచి చివరిదాకా 4 శాతం నిలకడగా ఉంది, రాత్రి 7 నుంచి 11 మధ్య, ఓఎల్‌టీ అప్‌లింక్ వాడకం గ్రాఫ్ చూడండి" అని రాయి. గ్రాఫ్ అన్నాక ఎవరో ఒకరు తెరిచి చూడాల్సిందే. మన చిన్న ఊళ్ళలో నెట్ నడిపేది తెలిసినవాళ్ళే అయ్యుంటారు, మెయిల్ పెట్టాక ఒకసారి ఆఫీసుకి వెళ్ళి గ్రాఫ్ ప్రింట్ చేతిలో పెట్టు, గొడవ మాత్రం వద్దు, స్తంభం ఎక్కేది రేపు ఆ అబ్బాయే.

ఈ రాత్రి ఎనిమిదింటికి అన్నీ పీకేసి, కేబుల్ మీద వెయ్యి ప్యాకెట్లు రెండో హాప్‌కి, వెయ్యి సర్వరుకి నడిపి అంకెలు పెట్టు, దాంతోపాటు ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ పవర్ ఎంతో కూడా. కెమెరాలు పీకగానే బాగుపడితే ప్రొవైడర్‌కి మెయిల్ అక్కర్లేదు, రూటర్‌లో క్యూ సెట్టింగ్ ఎలా పెట్టాలో చెప్తాను. మోడల్ నంబర్ కూడా రాయి.